విమానం తోకకు మాసిక

ఆ రోజుల్లో మా వైపు ఇద్దరు మనుషులు ఎదురుపడితే "బాగున్నారా" అనే ముందు "కాయలో పురుగుందా" అని అడిగేవాళ్ళు. తొంభైల చివరి మాట ఇది. గుంటూరు దాటిన దగ్గర్నుంచి ఒంగోలు దాకా నల్లరేగడంతా పత్తే, ఆ పత్తినిండా పచ్చపురుగే. పొద్దున ఒక మందు, సాయంత్రం ఇంకో మందు, రెండూ పనిచేయకపోతే మూడూ నాలుగూ కలిపి కొట్టేవాళ్ళు. పురుగు ఆ మందు తాగి ఇంకాస్త బలిసేది. మనుషులు మాత్రం ఒక్క గుక్కకే పోయేవాళ్ళు. అలాంటి కాలాన్ని తలుచుకుని నవ్వొచ్చా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాలాన్ని చూసి నవ్వలేను గానీ, ఆ కాలంలో ఇరవై రెండేళ్ళ నన్ను తలుచుకుంటే నవ్వు వస్తుంది. ఆ పిల్ల ఒక నిండు మనిషిని దాదాపు చంపినంత పని చేసింది కాబట్టి ఆ నవ్వు కూడా సగంలోనే ఆగిపోతుంది.

నేను అప్పుడు మంగళగిరిలో, డిగ్రీ లెక్కలు రెండోసారి కూడా పోగొట్టుకుని, మా ఇంటి వరండాలో మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టేదాన్ని. మా నాన్నకు వరసకు తమ్ముడు ఒకాయన ఉండేవాడు. విమానాల దళంలో ఇరవయ్యేళ్ళు మెకానిక్కుగా చేసి వచ్చినవాడు. ఒకరోజు ఈ బాబాయి వచ్చి, నేను కుట్టిన జాకెట్టు చంకలో కుట్టును రెండు చేతులతో పట్టి లాగి చూసి, అది ఊడకపోయేసరికి "విమానానికి గుడ్డ కుడతావా?" అని అడిగాడు. మా అమ్మ వేళాకోళమనుకుని నవ్వింది. వేళాకోళం కాదు. ఎవరో ఇద్దరు భాగస్వాములు కలిసి ఒక పాత చిన్న విమానం తెచ్చి, పత్తి చేల మీద మందు చల్లడానికి పెట్టారట. అది మా నాన్న కంటే వయసులో పెద్దది. ఒళ్ళు రేకుదే అయినా తోకా, రెక్కల్లో కదిలే భాగాలూ గుడ్డతో కప్పి ఉంటాయి. ఆ గుడ్డ మీద డోపు అనే ఘాటైన జిగురు రంగు పూస్తే అది డప్పులా బిగుస్తుంది. చిరిగినప్పుడు కుట్టడానికి మనిషి కావాలి. అలా నేను విమానానికి దర్జీనయ్యాను. (పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు ఈ ఉద్యోగం గురించి మా అమ్మ "ఏదో కంపెనీలో" అని మాత్రమే చెప్పేది.)

మార్టూరు దాటాక లోపలికి వెళితే ఒక బీడు. కంకర పోసి తొక్కించి దాన్ని విమానం దిగే దారిగా చేశారు. పక్కనే ఎవరూ వాడని, పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం ఒకటి, ఎత్తైన ఇటుక గోడలతో. దాని నీడలో మా సామాను, మందు డబ్బాలు, నా కుట్టు పెట్టె. మొదటి రోజే బాబాయి నన్ను విమానం చుట్టూ తిప్పి పాఠం చెప్పాడు. రెక్క వెనక అంచున ఒంటికి దగ్గరగా కిందికి వాలేది ఫ్లాపు, దిగేటప్పుడు వేగం తగ్గించడానికి. రెక్క చివర్న ఆడేది ఒకటి, పక్కకు వాలడానికి. తోక దగ్గర అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఊగేది ఎలివేటరు, ముక్కు ఎత్తాలన్నా దించాలన్నా అదే. "కదిలేది ఏదీ పట్టుకోకు. తొయ్యాలన్నా, ఆనుకోవాలన్నా, ఎత్తాలన్నా కదలని చోటే పట్టుకో. ఇవి చేతికి మెత్తగానే ఉంటాయి. పైన ఆయన ప్రాణం వీటి మీదే ఉంటుంది" అన్నాడు. పైన ఆయన అంటే పైలట్. అరవై దాటిన మనిషి, మేమంతా కెప్టెన్ గారూ అనేవాళ్ళం.

నా మొదటి పనితనం ఎలివేటరు మీద చూపించాను. జానెడు చిరుగు పడితే, మా నాన్న పరువు నిలబెట్టాలని రెండు మడతల గుడ్డ వేసి, అంచు మడిచి, చిలకముక్కు కుట్టుతో మాసిక వేశాను. బాబాయి దగ్గరికి వంగి చూశాడు. తర్వాత బ్లేడు తీసుకుని మొత్తం విప్పేశాడు. కీలు వెనక రవ్వంత బరువు పెరిగినా గాలిలో అది జ్వరం వచ్చినట్టు వణికి ఊడిపోతుందట. పలచగా, ఒక్క వరస, అంతే. ఆ రాత్రి నేను అన్నం మానేశాను. (తర్వాత ఆకలి వేసి అటుకులు తిన్నాను, అది వేరే సంగతి.)

కుట్టుకన్నా కాపలా పనే నాకు ఎక్కువైంది. రోజూ రైతులు యాభై అరవై మంది వచ్చి, తమ చేను వంతు ఎప్పుడా అని కూర్చునేవాళ్ళు. ఆ వంతుల జాబితా నా చేతిలోనే ఉండేది. తువాళ్ళు ఫ్లాపు మీద ఆరేసేవాళ్ళు, తోకకు సైకిల్ ఆనించేవాళ్ళు. ఒకావిడ తోక మీద నిలువుగా ఉండే రడ్డరుకు పసుపు రాసి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది, తుడిచేస్తుంటే నాకే భయమేసింది. వాళ్ళలో ఒకాయన ఉండేవాడు. ఎవరు పలకరించినా "నాది ఆరెకరాలమ్మా, మొత్తం కౌలే" అని మొదలుపెట్టేవాడు కాబట్టి మేము ఆయన్ని ఆరెకరాలాయన అనుకునేవాళ్ళం. ఒళ్ళు బక్కది, గొంతు మాత్రం పెద్దది. పొద్దున్నే వచ్చి, జాబితాలో తన పేరు ఉందో లేదో నా భుజం మీదుగా చూసి వెళ్ళేవాడు.

కార్తీకంలో ఒకరోజు చిలకలూరిపేట నుంచి ఫోటోలాయన వచ్చాడు. భాగస్వాములు కాగితాల కోసం విమానం ఫోటో తీయించమన్నారట. తీశాక, నన్ను కూడా లోపల కూర్చోబెట్టి ఒకటి తీస్తానన్నాడు. నేను ఎక్కి కూర్చున్నాను. ఆ సమయంలో ఫ్లాపులు కిందికి దించి ఉన్నాయి. బాబాయి రెక్క కింద నిలబడి, ఫ్లాపుకూ రెక్కకూ మధ్య సందులో చెయ్యి పెట్టి పాత గ్రీజు తుడుస్తున్నాడు. నాకు తెలుసు. లోపలికి ఎక్కుతూ ఆయన్ని చూశాను కూడా. సీటు పక్కన జీపు హ్యాండ్ బ్రేకు లాంటి పిడి ఉంటుంది, దాని కొసన బొత్తాం. అది ఫ్లాపు పిడి. దాన్ని కదిపే ముందు రెండు పక్కలా చూడాలి, గట్టిగా చెప్పాలి, అవతలివాళ్ళు "సరే" అన్నాకే కదపాలి. ఇది నాకు కంఠతా వచ్చు. కానీ ఫోటోలో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆ పిడి మీద పెట్టుకున్నాను. ఫోటోలాయన "నవ్వండి" అన్నాడు. నవ్వుతూ బొత్తాం నొక్కేశాను.

పిడి కింద పడింది, ఫ్లాపు పైకి మూసుకుంది. బాబాయి అరవలేదు. "అమ్మడూ, పిడి ఎత్తు" అన్నాడు, మామూలు గొంతుతోనే. ఎత్తాను. దిగి చూస్తే కుడిచేతి రెండు వేళ్ళ కొసలు నలిగి ఉన్నాయి, ఒకదానికి గోరూ లేదు, గోరు ఉండే చోటూ లేదు. (ఆ ఫోటో తర్వాత కడిగించుకుని చూశాను. చాలా బాగా నవ్వాను.)

మందు డబ్బాల జీపులో ఆయన్ని పేటలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆసుపత్రి వసారా నిండా మనుషులు. చాపల మీద, బల్లల మీద, కొందరు ఒట్టి నేల మీద. గాలంతా పురుగుమందు వాసన. ముక్కులకు గొట్టాలు పెడుతున్నారు, ఆడవాళ్ళు గోడలకు ఆనుకుని ఏడుపు కూడా అయిపోయి కూర్చున్నారు. డాక్టరు గారికి నిద్ర లేనట్టుంది, తల ఎత్తకుండానే "ఏ మందు?" అని అడిగాడు. నేను "మందు కాదండీ, విమానం" అన్నాను. ఆయన అప్పుడు తలెత్తి, బాబాయిని కాకుండా నన్ను పరీక్షగా చూశాడు. ఈ పిల్ల ఏదో తాగింది అనుకున్నాడని తర్వాత బాబాయి చెప్పాడు. వేళ్ళు చూపించాక, వీటికి ప్రాణభయం లేదు కాబట్టి అక్కడ కూర్చోమన్నాడు. రెండు గంటలు కూర్చున్నాం. ఆ రెండు గంటల్లో ఇద్దరిని మా ముందు నుంచి దుప్పటి కప్పి తీసుకెళ్ళారు. నేను క్షమించమని అడుగుదామని నోరు తెరిస్తే, బాబాయి కిటికీలోంచి ఆకాశం చూస్తూ "తూర్పున మబ్బు పట్టింది. నువ్వు వెనక్కి పో. గాలి రాకముందే దాన్ని బ్యారన్ చాటుకు చేర్చి కట్టెయ్యి. ముందు బిళ్ళలు పెట్టు, తర్వాతే తొయ్యి" అన్నాడు. బిళ్ళలంటే, కదిలే భాగాలు గాలికి కొట్టుకోకుండా బిగించే కర్ర పట్టీలు.

నేను చేరేసరికి మూడు దాటింది. కెప్టెన్ గారు మందు కోసం గుంటూరు వెళ్ళి ఉన్నారు. విమానం బయలులో తోక గాలికి పెట్టి నిలబడి ఉంది. ఎలివేటరు పైకీ కిందికీ కొట్టుకుంటోంది, తలుపు వేయని ఇంట్లో కిటికీ రెక్కలాగా. ముందు బిళ్ళలు పెట్టాలి. కానీ వాన చినుకు మొహాన కొట్టగానే నా బుర్రలోంచి ముందూ తర్వాతా అన్నీ పోయాయి. చెట్టు కింద నిలబడ్డ రైతుల్ని పిలిచి తొయ్యమన్నాను. పదిమంది వచ్చారు. ఎక్కడ పట్టుకోవాలో అరిచి చెప్పాను గానీ ఆ గాలిలో నా మాట నాకే వినపడలేదు. అంతలో వాన జోరందుకుని వెనక చక్రం బురదలో దిగింది. తోక ఎత్తడానికి ఒంటికి ఇనుప పిడి ఉంటుంది. ఆరెకరాలాయన దాన్ని చూడలేదు. ఎలివేటరు వెనక అంచును, మిరపకాయల బస్తా ఎత్తినట్టు, రెండు చేతులతో పట్టి ఎత్తాడు. టక్‌మని ఒక శబ్దం వచ్చింది. అంత గాలిలోనూ నాకు వినపడింది. ఆయనకూ వినపడింది, ఎందుకంటే వెంటనే చేతులు వదిలేసి తువాలుకు తుడుచుకున్నాడు.

ఎలాగో విమానాన్ని బ్యారన్ చాటుకు చేర్చాం. వాన వెలిశాక అందరూ వెళ్ళిపోయినా ఆయన వెళ్ళలేదు. నేను తోక దగ్గరికి వెళ్ళి చూశాను. ఎలివేటరు ఎడమ సగం, కుడి సగం కంటే వేలెడంత కిందికి జారి ఉంది. కీలు దగ్గర గుడ్డ చినిగింది. లోపలికి వేలు పెడితే ఇనుప పట్టీ మీద పగులు గోటికి తగిలింది. ఆయన నా వెనక నిలబడి ఉన్నాడు. "అమ్మాయ్, రేపు నా వంతు. నాలుగు రోజులు ఆగితే చేలో కాయ మిగలదు. అది ఊగుతానే ఉందిగా, ఏం కాలేదని చెప్పు" అన్నాడు. గొంతు తగ్గించి మాట్లాడటం ఆయనకు వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన్ని నేను తప్పుపట్టలేను. నాకు కావలసిన మాటే ఆయన అన్నాడు. పొద్దున్నే ఒక మనిషి వేళ్ళు తీసేసినదాన్ని, సాయంత్రానికి విమానం కూడా విరగ్గొట్టించానని ఏ మొహంతో చెప్పను? పెట్టె తెచ్చి, ఆ చిరుగు మీద మాసిక వేశాను. నా జీవితంలో అంత అందంగా ఎప్పుడూ కుట్టలేదు. పలచగా, ఒక్క వరస, బాబాయి చెప్పినట్టే. ఎడమ సగాన్ని పైకి నొక్కి, బిళ్ళ బిగించి, డోపు పూశాను. తడి గాలికి ఆ డోపు ఆరుతూ ఆరుతూ పాల మీగడలా తెల్లబడింది.

తెల్లవారి కెప్టెన్ గారు లారీలో మందుతో దిగారు. చేతి కట్టుతో బాబాయి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. అప్పటికే రైతులు నిండిపోయారు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కెప్టెన్ గారు విమానం చుట్టూ తిరిగారు. తోక దగ్గర ఆగి తెల్లటి మచ్చ చూపించి ఇదేమిటని అడిగారు. పాత చిరుగండీ, కుట్టానండీ అన్నాను. ఆయన బిళ్ళ తీసి ఎలివేటరును పైకీ కిందికీ ఆడించి చూశారు. ఆడింది. బాబాయి ఉంటే అంతటితో వదిలేవాడు కాదు. ఈయన నన్ను నమ్మి వదిలేశారు. మందు నింపాం. ఎక్కబోతూ తన టిఫిన్ డబ్బా నా చేతికిచ్చి, "వచ్చాక తింటాను. చీమలు పట్టకుండా చూడమ్మా" అన్నారు.

ఇంజను మొదలైంది. విమానం తిరిగి, దారి చివరికి నడుచుకుంటూ వెళుతోంది. నా పక్కన ఆరెకరాలాయన. నేను ఆయన వైపు చూశాను, ఆయన చేలవైపు చూశాడు. డబ్బా నా చేతిలో వెచ్చగా ఉంది. కెప్టెన్ గారు వచ్చాక తింటానన్నారు, నేను సరేనండీ అన్నాను. డబ్బాతో సహా పరిగెత్తాను. చెప్పులు ఊడాయి, చున్నీ ఎక్కడ పడిందో తెలియదు. బీడుకు అడ్డంగా పడి, దారికి సరిగ్గా మధ్యకు వెళ్ళి, కంకర మీద కూర్చున్నాను. నిలబడి చేతులు ఊపాలని ఏ మనిషికైనా తోస్తుంది. నాకు తోచలేదు. పీటల మీద పెళ్ళికూతురిలా బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని, కళ్ళూ చెవులూ మూసుకుని కూర్చున్నాను.

ఇంజను ఆగింది. ఆయన చివరి నుంచి నడిచి వచ్చారు. చాలా దూరం నడవాలి కాబట్టి కోపమంతా దారిలోనే మాటలుగా పేర్చుకుని వచ్చారు. నేను "తోక విరిగిందండీ, నేనే కప్పానండీ" అన్నాను. ఆ మాటలన్నీ ఆయన లోపలే ఉండిపోయాయి. ఇద్దరం విమానం దగ్గరికి వెళ్ళాం. చాకుతో నా మాసిక కోశారు. పగిలిన పట్టీని ఒక వేలితో పైకెత్తారు. అది విరిగి ఆయన చేతిలోకి వచ్చేసింది. కాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, బ్యారన్ నీడకు వెళ్ళి కూర్చుని మంచినీళ్ళు అడిగారు. చెంబు ఇచ్చాను. తాగి, నా వయసెంత అని అడిగారు. చెప్పాను. చెంబు తిరిగి నా చేతికిచ్చి, "నిన్ననే చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి. ఇంకో నిమిషం ఆగి చెబుదామనుకుంటే వినడానికి నేనుండేవాణ్ణి కాదు" అన్నారు.

తిట్టే పని రైతులు చేశారు. విమానం ఎగరదని తెలియగానే నా చుట్టూ మూగారు. అందరికంటే పెద్ద గొంతుతో తిట్టింది ఆరెకరాలాయనే. ఆడపిల్లల్ని ఇలాంటి పనుల్లో పెడితే ఇంతేనన్నాడు. తోక పట్టుకుని ఎత్తింది నువ్వేనని నేనూ అనలేదు. ఎందుకనలేదో ఇప్పటికీ చెప్పలేను. అప్పుడాయన తిడుతున్నాడు గానీ, కళ్ళు మాత్రం బతిమాలుతున్నాయి.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి అంతా చెప్పాను. బాబాయి కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "వేళ్ళు పోయినందుకు నిన్నేమీ అనను. అది మతిమరుపు. కప్పావు చూడు, అది మతిమరుపు కాదు" అన్నాడు. నేను ఏడుస్తూ ఉంటే కాసేపు చూసి, ఆ డాక్టరు వేసిన కుట్లకంటే నీ కుట్టే నయమే, ఏడవకు అన్నాడు.

కొత్త పట్టీ రావడానికి పది రోజులు పట్టింది. విమానం మళ్ళీ ఎగిరిన రోజు నేను జాబితా తీసి వరసగా పేర్లు పిలిచాను. ఆరెకరాలాయన పేరు పిలిస్తే ఆయన రాలేదు. పురుగు మొత్తం కాయను తినేసిందనీ, పత్తి దున్నేసి శనగ వేశాడనీ ఎవరో చెప్పారు. కొట్టేశాను. దాని తర్వాతి పేరు పిలిచాను. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాను. ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, "ఆ పేరు కూడా కొట్టెయ్యమ్మా" అని మెల్లగా అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. పేట ఆసుపత్రి వసారా ఒకసారి చూసినవాళ్ళెవరూ అడగరు. ఆ పేరు మీద గీత గీశాను. ఆ పది రోజులూ విమానం ఎగిరి ఉంటే ఆ పేరు పలికేదా అని ఒకసారి కెప్టెన్ గారిని అడిగాను. ఈ మందుకు ఆ పురుగు ఇంక చావదమ్మా, మనం ఎగిరినా ఒకటే ఎగరకపోయినా ఒకటే అన్నారాయన. నిజమే చెప్పారో, నన్ను ఓదార్చారో తేల్చుకోలేకపోయాను. సంక్రాంతి దాకా కూడా ఆగకుండా భాగస్వాములు విమానం రెక్కలు విప్పించి లారీ మీద వేసి తీసుకెళ్ళిపోయారు. నేను మంగళగిరి వచ్చి జాకెట్లు కుట్టుకున్నాను.

ఏడెనిమిదేళ్ళ తర్వాత, పెళ్ళయి ఒక పిల్ల పుట్టాక, మొక్కు తీర్చుకోవడానికి సింగరాయకొండ వెళుతూ గుంటూరులో బస్సెక్కాను. పేటలో ఎక్కినవాళ్ళలో ఆరెకరాలాయన ఉన్నాడు. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. నా ముందు సీట్లో కూర్చుని, పక్కనున్న కుర్రవాడికి, వాడు అడక్కపోయినా, మా ఊరి దగ్గర విమానం ఉండేదని మొదలుపెట్టాడు. నేను కొంగు తలమీదికి లాక్కుని విన్నాను. ఆయన కథలో విమానం అప్పటికే గాలిలోకి లేచింది. జుట్టు విరబోసుకున్న పిల్ల ఒకతి చక్రం పట్టుకుని వేలాడి కిందికి దించింది. తోక ఎలా విరిగిందని కుర్రవాడు అడిగితే, "ఎవడో తెలివితక్కువ ఎదవ పట్టుకు లాగాడంటలే" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

కుర్రవాడు, ఆ పిల్ల ఏమైందని అడిగాడు. నేను కూడా ముందుకు వంగాను, నాకే తెలియనట్టు. "ఎవరికి తెలుసు, ఎక్కడో కాపురం చేసుకుంటా ఉంటది" అన్నాడాయన. తర్వాత ఇంకెవరికో చెబుతున్నట్టు, "ఆ రోజు అందరం తిట్టాం గానీ, అంత పిచ్చిది ఉండబట్టి ఆ విమానం నడిపే పెద్దాయన ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు" అన్నాడు.

నా ఒళ్ళో పిల్ల, నేను ఎందుకు నవ్వుతున్నానో ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నానో తెలియక, నా మొహం వైపే చూస్తూ కూర్చుంది.